వెనక వరస గిన్నె

డ్యూస్‌బరీ,
జనవరి నెలాఖరు

ఆడ్రీకి,

నీ ఉత్తరం అందింది. ఫోన్లు మానేసి మళ్ళీ ఉత్తరాల్లోకి దిగినందుకు సంతోషం. నాకు చెవులు పూర్తిగా పోలేదు గానీ ఫోన్లో నీ మాట సగమే చేరుతుంది. మిగతా సగం నేను ఊహించుకుని జవాబు చెబుతాను, నీకు కోపం వస్తుంది. కాగితం మీదైతే ఆ గొడవ లేదు.

ఇక్కడ ఒక విశేషం ఉంది. పోయిన మంగళవారం అభిప్రాయాలు సేకరించే కంపెనీ ఒకటి నన్ను పిలిచింది. స్టేషన్ పక్క హోటల్లో మేడమీద గది. అక్కడ కూర్చున్న అందరం పోయినసారి ప్రధాని ఫెన్విక్‌కు ఓటేసినవాళ్ళమే, మళ్ళీ వేస్తామో లేదో తెలియనివాళ్ళమే. అలాంటివాళ్ళనే ఏరి పిలిచారట. ఎండిపోయిన శాండ్విచ్‌లు పెట్టారు. ఒక జీవితకాలం బడిపిల్లలకు వండిపెట్టినదాన్ని, ఆ రొట్టె ఎప్పుడు కోశారో చూడగానే తెలిసిపోయింది.

మాట్లాడించడానికి లీడ్స్ నుంచి ఒక పిల్ల వచ్చింది. మొదట ధరల గురించి అడిగింది, ఆసుపత్రుల గురించి అడిగింది. అందరూ చెప్పిందే చెప్పారు. తర్వాత ఆ పిల్ల పెన్ను మూసి, ప్రధాని ఫెన్విక్ మీ వంటింట్లో ఒక వస్తువైతే ఏ వస్తువు అవుతాడు, అంది. వాళ్ళ పద్ధతి అదేనట. నేరుగా అడిగితే జనం మర్యాదగా మాట్లాడతారని ఇలా డొంకతిరుగుడుగా అడుగుతారు. ఒకాయన మొండి కత్తి అన్నాడు. ఒకావిడ ఆగిపోయిన గోడగడియారం అంది. నా వంతు వచ్చింది.

"ఫ్రిజ్‌లో వెనక వరసలో ఉండిపోయిన గిన్నె," అన్నాను. "ఎవరూ తినరు, ఎవరూ పారెయ్యరు. మూత తీసి చూడ్డానికి ఇంట్లో అందరికీ భయం."

అందరూ పగలబడి నవ్వారు. ఆ పిల్ల మళ్ళీ పెన్ను తీసి రాసుకుంది. నవ్వించాలని అనలేదు ఆడ్రీ, తోచింది అన్నాను. ఆయన మీద నాకు కక్షేమీ లేదు.

పక్కింటి నార్మన్ హేగ్‌కు మాత్రం ఒళ్ళు మండిపోతోంది. రోజూ చెత్తబుట్ట బయట పెడుతూ ఫెన్విక్‌ను నాలుగు తిట్టనిదే లోపలికి పోడు కదా, తనను పిలవకుండా నన్ను పిలిచారని.

మన డంకన్‌కు ఈ సంగతి చెప్పకు. ప్రధానికి ఉపన్యాసాలు రాసేవాడికి సొంత పెద్దమ్మ నోటి నుంచి ఇలాంటి మాట చేరితే బాగుండదు.

మీ అక్క
విన్నీ


టన్‌బ్రిడ్జ్ వెల్స్,
ఫిబ్రవరి

అక్కా,

కొంప ముంచావు. ఆదివారం పేపరు చూడలేదా? మొదటి పేజీలో, పెద్దక్షరాల్లో, "వెనక వరస గిన్నె". కింద వ్యంగ్యచిత్రం: ఫ్రిజ్, లోపల గిన్నె, మూత కింద నుంచి ఫెన్విక్ కళ్ళు. నీ పేరు లేదు. "యార్క్‌షైర్‌లో ఒక విశ్రాంత వంటమనిషి" అని మాత్రం రాశారు. ఆ చీటీలు పేపరు చేతిలో ఎలా పడ్డాయో ఆ దేవుడికే తెలియాలి. బుధవారం పార్లమెంటులో ఆయన లేచి నిలబడగానే ఎదురు బెంచీలవాళ్ళంతా "మూత తియ్యండి, మూత తియ్యండి" అని అరిచారు. టీవీలో చూస్తున్న నాకే తల కొట్టేసినట్టయింది. పార్టీలో ఆయన వెనక కూర్చున్నవాళ్ళు కూడా నవ్వాపుకుంటున్నారు.

నీకు ఇది తమాషా. ఇక్కడ నా కొడుకు తిండి మానేశాడు. నూటికి డెబ్బైమంది ఆయన దిగిపోవాలంటున్నారని నిన్న సర్వే వచ్చింది. మే నెలలో ఊళ్ళ కౌన్సిళ్ళకు ఎన్నికలున్నాయి. అందులో ఓడితే సొంత పార్టీ ఎంపీలే ఆయన్ని దింపేస్తారని అందరూ అంటున్నారు. ఆర్థికమంత్రి తనకు ఆ ఆశే లేదని రోజుకోసారి చెబుతున్నాడంటే ఎంత ఆశ ఉందో చూసుకో. హోంమంత్రి కూడా ఎందుకైనా మంచిదని కొత్తగా జుట్టు కత్తిరించుకుంది.

ఫెన్విక్ పోతే డంకన్ కూడా పోతాడక్కా. వీళ్ళు గవర్నమెంటు గుమాస్తాలు కారు. ఆయన మనుషులు. ఆయన బయటికి నడిచిన రోజు వీళ్ళ ఉద్యోగాలూ పోతాయి. కాలేజీ నుంచి బయటికొచ్చిన నాటి నుంచి వాడికి తెలిసింది ఆ మనిషి, ఆ పని. పెళ్ళి కూడా దాని వల్లే చెడింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నువ్వా నోటిని కాస్త అదుపులో పెట్టుకుని ఉంటే బాగుండేది.

డంకన్‌కు చెప్పలేదు. చెప్పను కూడా.

ఆడ్రీ


డ్యూస్‌బరీ,
మార్చి

ఆడ్రీకి,

వెంటనే జవాబు రాయనందుకు ఏమనుకోకు. కోపంతో రాసింది ఒకటి చించేశాను.

నా నోటి వల్ల ప్రధాని పడిపోతున్నాడని అనుకోవడం నాకు లేనిపోని గొప్ప కట్టబెట్టడం. ఆ డెబ్బైమంది నన్ను అడిగి చెప్పారా? నిన్న సంతలో చేపల కొట్టు దగ్గర నిలబడితే అంతా అదే మాట. మనిషి మంచివాడేనట, కానీ ఏం చేస్తున్నాడో ఎవరికీ తెలియదట. ఆర్థికమంత్రికి లెక్కలొచ్చు, మనుషులు రారు. హోంమంత్రి గట్టిదే గానీ ఆమెతో ఒక పూట భోజనం చెయ్యలేం. ప్రతిపక్ష నాయకుడి మాట ఎత్తితే చేపలాయన కత్తి పక్కన పెట్టి మరీ నవ్వాడు. ఎవరూ నచ్చరు, అయినా మార్పు కావాలి. మన జనం సంగతి నీకు తెలియనిదేముంది.

డంకన్ తిండి మానేశాడని రాశావు. అది చదివాక నాకు అన్నం సహించలేదు. నాకు పిల్లల్లేరు. సెలవులకు వచ్చి నా వంటింటి బల్ల కింద కూర్చుని పుస్తకాలు చదివినవాడు వాడొక్కడే. వాడికి చెడు జరగాలని నేను కోరుకుంటానా? ఏదైనా పంపమంటే పంపుతాను, రమ్మంటే వస్తాను. ఆ మాట అనకుండా ఉండాల్సిందని మాత్రం చెప్పలేను. అది నిజం.

విన్నీ


టన్‌బ్రిడ్జ్ వెల్స్,
ఏప్రిల్

అక్కా,

డంకన్‌కు చెప్పేశాను. చెప్పక తప్పలేదు. ఫెన్విక్ ఆ గిన్నె మాటను మరిచిపోలేకపోతున్నాడట. మీటింగుల మధ్యలో ఆగి, ఎవరావిడ, నేనావిడకేం చేశాను, అంటాడట. చుట్టూ ఉన్నవాళ్ళు మాత్రం అదంతా పేపర్ల కల్పన సార్, జనం మీతోనే ఉన్నారు సార్, అంటారట. డంకన్ ఇది చెబుతుంటే నా నోట్లోంచి వచ్చేసింది, ఆవిడ మీ పెద్దమ్మేరా అని.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు.  "మంచిదే. ఆయన్ని పెద్దమ్మ ఇంటికి టీకి తీసుకెళ్తాను," అన్నాడు. అంతే, ఇంకేమీ చెప్పలేదు.

వాడు చెప్పకపోయినా నాకర్థమైంది. కౌన్సిల్ ఎన్నికలకు ముందు, కెమెరాల ముందు, గిన్నె మాట అన్న మనిషే తన మాట వెనక్కి తీసుకుంటే గాలి మారుతుంది. రెండు నెలల గడువు దొరికినా చాలు, వాడికి ఇంకో దారి చూసుకునే వీలుంటుంది.

జీవితంలో నిన్ను పెద్దగా ఏమీ అడగలేదక్కా. అమ్మ పోయినప్పుడు ఇల్లు నిన్నే ఉంచుకోమన్నాను. ఇప్పుడు అడుగుతున్నాను. ఆయన వచ్చినప్పుడు, "నేను పొరబడ్డాను, ఆయన్ని చూశాక మనసు మారింది," అను. ఒక్క వాక్యం. దాంతో నా కొడుకు నిలబడతాడు.

ఆడ్రీ


డ్యూస్‌బరీ,
ఏప్రిల్

ఆడ్రీకి,

టీకి రమ్మను. అల్లం కేకు చేస్తాను. ఇల్లు కడుగుతాను. ఇంటికొచ్చిన మనిషిని చిన్నబుచ్చను, ఆ భయం నీకక్కర్లేదు.

ఆ ఒక్క వాక్యం మాత్రం అంటానో లేదో మాట ఇవ్వలేను. అనాలనే ప్రయత్నిస్తాను. నిన్న అద్దం ముందు నిలబడి అని చూసుకున్నాను కూడా. అసలు బాగా రాలేదు.

విన్నీ


డ్యూస్‌బరీ,
ఏప్రిల్ చివర

ఆడ్రీకి,

పేపర్లో ఫొటో చూసే ఉంటావు. లోపల ఏం జరిగిందో పేపరుకు తెలియదు, నేనే చెప్పాలి.

పొద్దున్నే ఒక పోలీసాయన వచ్చి పెరట్లో నా రబర్బ్ మొక్కల్ని కూడా తనిఖీ చేశాడు. మధ్యాహ్నానికి కార్లు వచ్చాయి. వీధి వీధంతా బయటే ఉంది. చూశావూ, నార్మన్ టై కట్టుకున్నాడు! ఆ టై వాళ్ళావిడ అంత్యక్రియల తర్వాత మళ్ళీ బయటికి రావడం ఇదే. ఫెన్విక్ కారు దిగగానే ఎదురెళ్ళి ఆయన చెయ్యి రెండు చేతులా పట్టుకుని, చాలా బాగా చేస్తున్నారు సార్, అలాగే కానివ్వండి, అన్నాడు. నా చెవులు నిజంగానే పోయాయనుకున్నాను. రొట్టెల కొట్టు ఆవిడ, ఆయన పేరెత్తితే మూతి ముప్పై వంకరలు తిప్పే మనిషి, ఒక బన్ను పొట్లం కట్టి చేతిలో పెట్టింది. వీధి చివరిదాకా ప్రతివాళ్ళూ అంతే. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, మనసులో మాట అనలేదు.

ఆయన మొహం వెలిగిపోతూ లోపలికొచ్చాడు. "పేపర్లు రాసినట్టు లేరే ఇక్కడి జనం," అన్నాడు. వెనకాలే డంకన్. ఆడ్రీ, వాడెంత చిక్కిపోయాడు! నా బుగ్గమీద ముద్దుపెట్టి, ఫ్రిజ్ పక్కన గోడకానుకుని నిలబడ్డాడు. ఏమీ అడగలేదు, ఏ సైగా చెయ్యలేదు. నన్నే చూస్తున్నాడు.

ఫెన్విక్ మంచి మనిషి. కేకు రెండుసార్లు అడిగి తిన్నాడు. వాళ్ళ నాన్న బస్సు నడిపేవాడట. మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. కాసేపటికి కెమెరావాళ్ళనీ మిగతావాళ్ళనీ బయట ఉండమన్నాడు. డంకన్‌ను ఉండమన్నాడు.

"మీ మాట నాకు చాలా నొప్పి కలిగించింది విన్నీ గారూ," అన్నాడు. "ఇప్పుడు నన్ను చూశారు కదా. ఇంకా అదే అంటారా?"

నీ వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది. ఒట్టు. డంకన్ వైపు చూశాను. పొరబడ్డాను అనబోయాను. అంతలో కిటికీలోంచి నార్మన్ కనబడ్డాడు, టై సర్దుకుంటూ, కెమెరా ముందు పళ్ళికిలిస్తూ. నేనూ అలాగే కనబడతానన్నమాట అనిపించింది.

"మీరు మంచివారు," అన్నాను. "కానీ బయట మీ చెయ్యి పట్టుకుని చెప్పిందంతా అబద్ధం. ఎదుటపడ్డ మనిషిని మేం నొప్పించం, అది మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. వాళ్ళెవరూ మీకు ఓటెయ్యరు. నేనూ వెయ్యను. మీరు దిగిపోవాలని ఈ వీధంతా ఎదురుచూస్తోంది."

ఆయన కప్పు కింద పెట్టాడు. ఎప్పటి నుంచి, అని అడిగాడు. రెండు చలికాలాలుగా, అన్నాను. అప్పుడాయన తల తిప్పి డంకన్‌ను, "నువ్వెప్పుడూ చెప్పలేదే?" అన్నాడు. కోపంగా కాదు. 

ఆయన ఇంకో కప్పు టీ అడిగాడు. అదంతా తాగి లేచాడు. గేటు దగ్గర విలేకరులకు అల్లం కేకు చాలా బాగుందని మాత్రం చెప్పి కారెక్కాడు.

నీ కొడుకు అన్నంలో నేను మట్టి కొట్టాను ఆడ్రీ. కార్లు వెళ్ళాక కుర్చీలో కూర్చుని ఏడ్చాను. అయినా ఆ వాక్యం నా నోట రాలేదు. నువ్వు ఏమన్నా పడతాను.

విన్నీ


టన్‌బ్రిడ్జ్ వెల్స్,
మే

విన్నీకి,

కౌన్సిల్ ఎన్నికల దాకా కూడా ఆగకుండా ఫెన్విక్ రాజీనామా ప్రకటించాడు. పార్టీ సభ్యులు కొత్త నాయకుణ్ణి ఎన్నుకునేదాకా పేరుకు ఉంటాడు. ఆ రాజీనామా ఉపన్యాసం డంకనే రాశాడు. రాసిచ్చి మర్నాడు పెట్టె సర్దుకుని ఇంటికొచ్చాడు.

నీకు తెలియాలి కాబట్టి రాశాను. ఇక నాకు ఉత్తరాలు రాయకు.

ఆడ్రీ


డ్యూస్‌బరీ,
మే చివర

ఆడ్రీకి,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చదవకుండా పారేసే హక్కు నీకుంది.

ఇక్కడి వింత చూడు. ఫెన్విక్ పోతున్నాడని తెలిసిన రోజు నుంచి అందరికీ ఆయన మంచివాడైపోయాడు. పాపం, ఇంకొంచెం అవకాశం ఇవ్వాల్సింది, అని నార్మన్ నాతోనే అంటున్నాడు. ఆర్థికమంత్రి గెలిస్తే నిలువునా మునుగుతామట, హోంమంత్రి గెలిస్తే అడ్డంగా మునుగుతామట. నార్మన్‌కు పార్టీ సభ్యత్వం ఉంది, ఓటు కాగితం వచ్చింది. ఎవరికి వేస్తావంటే ఇద్దరూ వద్దంటాడు. చెత్తబుట్ట దగ్గర తిట్లు మాత్రం ఇప్పటికే కొత్త పేర్లతో మొదలయ్యాయి. లీడ్స్ పిల్ల మళ్ళీ పిలిచింది, ఈ ఇద్దరి గురించి అడగడానికి. నేను వెళ్ళలేదు.

డంకన్ తింటున్నాడా? ఆ ఒక్క ముక్క రాయి. నన్ను తిట్టాలనుకుంటే ఆ పక్కనే తిట్టు.

విన్నీ


టన్‌బ్రిడ్జ్ వెల్స్,
జూన్

అక్కా,

తింటున్నాడు. వచ్చిన మొదటి వారమంతా పడుకునే ఉన్నాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే పెరడంతా తవ్వేశాడు. నా గులాబీలు రెండు పోయాయి, పోనీ.

పోయిన ఆదివారం భోజనాల దగ్గర నీ మాట తీసుకొచ్చి నానా మాటలూ అన్నాను. అవన్నీ ఇక్కడ రాయను. డంకన్ ఫోర్కు కింద పెట్టాడు.

"అమ్మా, నేనాయన్ని పెద్దమ్మ దగ్గరికి ఎందుకు తీసుకెళ్ళాననుకుంటున్నావు?" అన్నాడు.

"మాట వెనక్కి తీసుకుంటుందని," అన్నాను.

"కాదు. తీసుకోదని," అన్నాడు.

 ఆ ఆఫీసులో పిల్లి మెడలో గంట కట్టేవాడు ఒక్కడూ లేడట. రోజూ పొద్దున చెప్పాలనుకుని వెళ్ళేవాడట, ఆయన గుడ్ మార్నింగ్ డంకన్ అనగానే నోరు పడిపోయేదట. చెప్పాల్సింది పోయి, జనం మనతోనే ఉన్నారని ఉపన్యాసం రాసిచ్చి ఇంటికొచ్చేవాడు. ఎన్నికల్లో చావుదెబ్బ తిని, సొంతవాళ్ళే మెడపట్టి గెంటేదాకా ఆగకుండా, ఆయన తన కాళ్ళ మీద తాను నడిచి బయటికి రావాలని వాడి కోరిక. దానికి మొహం మీద నిజం చెప్పే మనిషి ఒకరు కావాలి. "నాకు అలాంటి మనిషి ఒక్కరే తెలుసు," అన్నాడు.

నిన్ను అబద్ధమాడమని నేను అడిగిన సంగతి వాడికి తెలియదు. అప్పుడు చెప్పాను. నువ్వు నా మాట విని ఉంటే వాడు చేసిన ఆ ఒక్క మంచిపనీ నా చేత్తో చెడగొట్టేదాన్ని. వాడు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ఒకటే అడిగాడు:

"ఉపన్యాసాలు రాసినప్పుడల్లా ఫోన్లో నీకు చదివి వినిపించేవాణ్ణి కదా. ఒక్కసారీ బాగాలేదనలేదేంటమ్మా?"

"నువ్వు రాసింది నాకు బాగాలేకపోవడమేంట్రా," అన్నాను.

"అదే," అన్నాడు వాడు.

నీ దగ్గర దాచడమెందుకు. పోయిన ఏడాది నుంచి అవి నాకు బాగాలేవు. డొల్లగా ఉండేవి. వింటూ వింటూ టీవీ వైపు చూసేదాన్ని, వాడు ఆపగానే అద్భుతం అనేదాన్ని. వాడు ఆయన దగ్గర చేసిందే నేను వాడి దగ్గర చేశాను. అక్కడ వాడికి నోరు రాలేదని ఎవరిని తప్పుపట్టను? నేర్పింది నేనే.

నిన్ను రాయొద్దన్నందుకు సిగ్గుగా ఉంది. మన్నించమని అడుగుతున్నాను. రాయి, వారానికి రెండైనా రాయి.

ఇవాళ పొద్దున వాడొక ఉద్యోగానికి దరఖాస్తు రాశాడు. ఏదో చిన్న పత్రికలో. టిఫిన్ బల్ల దగ్గరే కూర్చుని రాసి, పైకి చదివి, ఎలా ఉందమ్మా అన్నాడు. అద్భుతం అనే మాట నోటిదాకా వచ్చింది. వాడు నా మొహమే చూస్తున్నాడు.

"మొదటి పేరా బాగాలేదు," అన్నాను. "నువ్వు నమ్మని మాటలు రాశావు."

 వాడు ఆ కాగితాన్ని మళ్ళీ ఒకసారి తనలో తాను చదువుకున్నాడు. అవునన్నట్టు తలూపి, చించి, ఇంకో కాగితం తీసుకున్నాడు. ఇప్పుడు బల్లకు ఆ చివర వాడు రాస్తున్నాడు, ఈ చివర నేను నీకు రాస్తున్నాను.

నీ చెల్లెలు
ఆడ్రీ